జయపురానికి కావాల్సింది హైదరాబాదు విమానం

ఒడిశాలోని జయపురం నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన కొలిస్తే దాదాపు 145 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు మీద అదే దూరం రెండు వందలు దాటుతుంది, పగలు సగం దారిలోనే పోతుంది. అందుకే 2022 చివర్లో జయపురం ఎయిర్‌స్ట్రిప్ నుంచి తొమ్మిది సీట్ల విమానం మొదలైనప్పుడు కోరాపుట్, రాయగడ, నవరంగపూర్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలు ఎంతో సంతోషించాయి. గుండె జబ్బు వస్తే విశాఖకు, పిల్లల చదువులకు హైదరాబాదుకు పరుగెత్తే మనకు అంతకన్నా ఏం కావాలి? కానీ ఈ రకం సర్వీసు నిలకడగా సాగడం చాలా కష్టం. ఎందుకో తెలియాలంటే చౌక విమాన సంస్థల ఖాతా పుస్తకం తెరవాలి.

చౌక విమానయానంలో మొదట చౌక కావాల్సింది ఖర్చు. ఆ తర్వాతే టిక్కెట్టు. 2006 ఆగస్టులో మొదలైన ఇండిగో ఈ సూత్రాన్ని గట్టిగా పట్టుకుంది. ప్రధానంగా ఒకే రకానికి చెందిన విమానాలు కొంటే పైలట్లు, మెకానిక్కులు, విడిభాగాలు ఒకదానికి బదులు ఇంకొకదానికి పనికొస్తాయి. దిగిన విమానం అరగంటలో మళ్లీ లేవాలి, రోజుకు పన్నెండు గంటల దాకా గాలిలో ఉండాలి. లీజు అద్దె, జీతాలు విమానం ఎగిరినా ఎగరకున్నా కట్టాల్సినవే కాబట్టి ఎన్ని గంటలు ఎగిరితే గంటకు అంత తక్కువ పడతాయి. తిండి, నచ్చిన సీటు, అదనపు బ్యాగు విడిగా అమ్ముతారు.

ఇంత పకడ్బందీగా నడిపినా మిగిలేది ఎంత? 2024-25లో ఇండిగో నికర లాభం 7,258 కోట్లు. ఆ ఏడాది ఎక్కినవాళ్లు దాదాపు 11.8 కోట్ల మంది. తలకు ఆరు వందల చిల్లర. అదే సంస్థ 2021-22లో ఆరు వేల కోట్లకు పైగా నష్టపోయింది. అద్దెలు డాలర్లలో కట్టాలి, రూపాయి జారితే బిల్లు పెరుగుతుంది. మొత్తం ఖర్చులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి ఇంధనానిదే. విమాన ఇంధనం జీఎస్టీలో లేదు కనుక దాని మీద కట్టిన పన్ను తిరిగి జమ కాదు. కింగ్‌ఫిషర్ 2012లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయంటే ఈ వ్యాపారంలో తప్పటడుగుకు చోటు ఎంత తక్కువో అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ లెక్కను తొమ్మిది సీట్లకు దించి చూద్దాం. 186 సీట్ల విమానంలో మూడు ఖాళీగా పోతే రెండు శాతం కూడా కాదు. తొమ్మిదిలో మూడు పోతే మూడో వంతు ఆదాయం పోయినట్టే. చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం మొదలైనప్పుడు గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, పెట్టిన పరిమితి 2,500 రూపాయలు. తొమ్మిది సీట్లూ నిండితే 22,500. ఆ సైజు విమానం గంటకు దాదాపు 200 లీటర్లు తాగుతుంది. లీటరు 90 లెక్కన చూసినా ఇంధనానికే 18,000. ఇద్దరు పైలట్లు, అద్దె, బీమా, మరమ్మతులు మిగిలిన నాలుగున్నర వేలలో ఎలా సర్దుకుంటాయి?

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఉడాన్ నిబంధన ప్రకారం విమానంలో సగం సీట్లు, కనీసం తొమ్మిది, పరిమిత ధరకే అమ్మాలి. 78 సీట్ల ఏటీఆర్‌లో (చిన్న రూట్లకు వాడే పంకాల విమానం) 39 పోగా మిగతా 39 సీట్లను చివరి రోజు గిరాకీని బట్టి అమ్ముకోవచ్చు. చౌక సంస్థలు నిలబడేది ఆ చివరి సీట్ల ధర మీదే. తొమ్మిది సీట్ల విమానంలో అలా అమ్ముకోవడానికి ఒక్క సీటూ మిగలదు. కాబట్టి అది పూర్తిగా ప్రభుత్వ సాయం మీదే బతకాలి. ఆ సాయం మూడేళ్లే.

దానికి తోడు వాతావరణం. కంటిచూపు ఆధారంగా దిగే విధానంలో ఎదర కనీసం 5 కిలోమీటర్లు కనిపించాలి. కోరాపుట్ పీఠభూమిలో డిసెంబరు పొద్దున, శ్రావణ మాసం ముసురులో అది దొరకడం గగనం. పొద్దుటి సర్వీసు తప్పితే చీకటి పడేలోగా తిరిగి రావాల్సినదీ తప్పుతుంది. రెండు మూడు విమానాల సంస్థలో ఒకటి తనిఖీకి షెడ్డుకు పోతే ఆ రూటు ఆగాల్సిందే. మరి అదనపు విమానం ఎందుకు పెట్టుకోరు? తక్కువ సాయం అడిగినవాడికే రూటు ఇచ్చే వేలంలో దాని ఖర్చు కలిపినవాడు ఓడిపోతాడు గనక. ఇది సంస్థల తప్పుకన్నా వేలం రాసిన తీరులో ఉన్న తప్పు అని మేం గట్టిగా నమ్ముతున్నాం.

ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2023 నివేదిక లెక్కలు ఇదే చెబుతున్నాయి. మూడో విడత వరకు కేటాయించిన 774 రూట్లలో మొదలైనవి 371. మూడేళ్లు పూర్తి చేసినవి 112. సాయం ఆగాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. మహారాష్ట్ర వైపు నాందేడ్‌వాసులకూ ఈ అనుభవం ఉంది. 2017 ఏప్రిల్ 27న, ఉడాన్ తొలిరోజే, ట్రూజెట్ హైదరాబాదుకు సర్వీసు మొదలుపెట్టింది. 2022 ఫిబ్రవరికల్లా ఆ సంస్థే ఆగిపోయింది.

మరి జయపురం ఏం అడగాలి? విశాఖ సర్వీసు మీద ఆశ తగ్గించుకోవాలని చెప్పడం మాకూ కష్టంగానే ఉంది. కానీ రాయపూర్-విశాఖ ఆరు వరుసల రోడ్డు మన జిల్లాల మీదుగానే వస్తోంది. అది పూర్తయితే 145 కిలోమీటర్ల విమానానికి కారే పోటీ. పైగా అంత చిన్న దూరంలో ఇంధనంలో పెద్ద వాటా పైకి లేవడానికే పోతుంది. హైదరాబాదు సంగతి వేరు. గాలిలో 470 కిలోమీటర్లు, రోడ్డు మీద రాత్రంతా ప్రయాణం. పక్కనున్న జగదల్‌పూర్ నుంచి 2020 సెప్టెంబరులోనే ఏటీఆర్ హైదరాబాదుకు ఎగిరింది. సరిహద్దు దాటి అక్కడికెళ్లి విమానం ఎక్కుతున్న మనవాళ్లే గిరాకీకి సాక్ష్యం.

ఏటీఆర్ దిగాలంటే రన్‌వే పొడిగించాలి. సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున, మే నెల మధ్యాహ్నం పలచబడిన గాలిలో, విమానం లేవడానికి మామూలుకన్నా పొడవైన రన్‌వే కావాలి. పొడవు చాలకపోతే ప్రయాణికులనో ఇంధనాన్నో తగ్గించాల్సి వస్తుంది. కాబట్టి కొలత మే ఎండకు లెక్కగట్టాలి, జనవరి చలికి కాదు. దాంతోపాటు మబ్బులో దిగడానికి పరికరాలు, రాత్రి దీపాలు ఒకే టెండరులో రావాలి. సాయం మూడేళ్లకు ఒక్కసారిగా ఆపకుండా నాలుగు, అయిదు ఏళ్లలో మెల్లగా తగ్గించాలి. హైదరాబాదు నుంచి ముందుకు పోయే విమానంతో కలిపి ఒకే టిక్కెట్టు ఇవ్వాలి. విడి టిక్కెట్టయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయినా ఏ సంస్థా పూచీ పడదు. 2025 కేంద్ర బడ్జెట్ సవరించిన ఉడాన్ కింద 120 కొత్త గమ్యాలు ప్రకటించింది. ఒడిశా ప్రభుత్వం ఆ పథకం కింద జయపురానికి ఏం కోరుతోందో, రన్‌వే ఎన్ని మీటర్లకు పెంచుతుందో తేదీలతో సహా జిల్లా ప్రజల ముందు పెట్టాలి.