బెల్లం ముక్క దగ్గర మొదలైంది

విశ్వాసంలో రాజీ ఒక్కరోజులో రాదు, కొద్దికొద్దిగా వస్తుందని మీ వ్యాసంలో రాసింది మా ఇంట్లోనే చూశాను. మాది హన్మకొండ, క్రైస్తవ కుటుంబం. రెండేళ్లకోసారి మేడారం జాతర అయ్యాక పక్కింటి అక్క బంగారం, అంటే సమ్మక్క సారలమ్మలకు మొక్కిన బెల్లం, ప్రేమగా తెచ్చిస్తుంది. మొదట్లో వద్దని చెప్పేవాళ్లం. తర్వాత మొహమాటానికి తీసుకున్నాం. ఆ మొహమాటం అక్కడితో ఆగలేదు. ఆఫీసులో ఎవరైనా అడిగితే చర్చికి వెళ్తానని చెప్పకుండా మాట మార్చడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలియదు. చివరికి ఫంక్షన్లు లేని ఆదివారమే ఆరాధనకు వెళ్లేదాన్ని.

బైబిల్లో దానియేలు గ్రంథం 1వ అధ్యాయం మళ్లీ చదివాను. బందీగా వెళ్లిన దానియేలుకు బబులోనులో కొత్త పేరు పెట్టారు, కల్దీయుల భాష నేర్పారు. అవన్నీ ఒప్పుకున్నవాడు, రాజు భోజనం తిని అపవిత్రం కాకూడదని అక్కడ ఆగాడు. అదీ గొడవ పడి కాదు, అధికారులను వేడుకుని, శాకాహారం, నీళ్లు మాత్రమే ఇచ్చి 10 రోజులు పరీక్షించి చూడమన్నాడు. ఆ మర్యాద మనవాళ్లలో చాలామందికి లేదు, అది నాకు బాధగా ఉంటుంది.

పోయిన జాతర తర్వాత అక్కను కూర్చోబెట్టి, తన మీద ప్రేమ లేక కాదని, నా ప్రభువు కోసమని చెప్పాను. "ముందే చెప్తే అయిపోయేది కదా చెల్లె" అంది. క్రిస్మస్‌కు మా ఇంట్లోనే భోజనం చేసింది.