అభిప్రాయ సేకరణ ఫారం గారికి

మహారాజశ్రీ అభిప్రాయ సేకరణ ఫారం గారికి,

విజయవాడ వన్‌టౌన్ నుంచి నమస్కరించి వ్రాయునది.

నిన్న కల్యాణమండపంలో తమ దర్శనం అయింది. సభ పదకొండింటికన్నారు, పెద్దలు భోజనాల వేళకి వచ్చారు. శాలువాలు, బొకేలు, ఫొటోలు అయ్యాక మాకు మనిషికి రెండు నిమిషాలిచ్చారు. అందులో సగం మైకు మింగేసింది. సరే, ఏ సభకెళ్లినా ఇంతే. టీ మాత్రం బాగుంది, ఆ మాట కూడా రికార్డులోకి ఎక్కించండి.

నా బాధంతా తమరితోనే. మా పేట ఫైరింజన్‌ని ఊరి చివర కొత్త కాలనీల వైపు పంపించేస్తారనే కదా ఈ సభ పెట్టింది? తమరిలో ఐదు ప్రశ్నలున్నాయి. 'మీకు మెరుగైన అగ్నిమాపక సేవలు కావాలా?' అవును, కాదు. వద్దనేవాడు ఉంటాడా అండీ? 'నగరంతో పాటు సేవలూ విస్తరించాలని భావిస్తున్నారా?' భావించక చస్తామా! మూడోది టెక్నాలజీ గురించి, నాలుగోది సిబ్బంది మర్యాద గురించి. ఐదోది తమరి గురించే: ఈ ఫారం నింపడం సులువుగా ఉందా అని. మా బండి ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఇల్లు ఖాళీ చేయిస్తూ గోడలకి ఏ రంగు వేయమంటారని అడిగినట్టుంది.

మా పక్కింటి పిన్నిగారు ఉండబట్టలేక, "బండి ఉంటుందా, పోతుందా? అది చెప్పు నాయనా" అన్నారు. ఫారాలు పట్టుకున్న కుర్రాడు, "మామ్మగారూ, మీకు మెరుగైన సేవలు కావాలా, వద్దా?" అన్నాడు. ఆవిడ కావాలన్నారు. టిక్కు పడిపోయింది. రేపు రిపోర్టులో ఆవిడ తరలింపుకి సై అన్న పౌరురాలు. 'సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి' అంటూ ఫోన్లు చేసే ఆ గొంతు తమరి సొంత అక్కగారేనా?

తమరు ఎప్పుడైనా సాయంత్రం పూట కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లోకి వచ్చారా? కింద కొట్టు, పైన గోడౌను, ముందు తోపుడు బండి, పక్కన బైకులు. కొండ మీద ఇళ్లకైతే ఫైరింజన్ కిందే ఆగిపోతుంది, సిబ్బందే పైపులు మోసుకుంటూ మెట్లెక్కాలి. సందులోనే ఇంత టైం పోతుంది కాబట్టి బండి దగ్గర్లో ఉండాలంటున్నాం. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు లేచి 10 మంది పోయింది ఈ ఊళ్లోనే. 2022 దీపావళికి జింఖానా గ్రౌండ్స్‌లో టపాసుల స్టాళ్లు కాలి ఇద్దరు పోయిందీ ఇక్కడే. అవన్నీ తమరి ఐదు ప్రశ్నల్లో ఏ గడిలో రాయమంటారు?

2013లో లండన్‌లోనూ జనాన్ని అడిగారు. ఫలానా 12 ఫైర్ స్టేషన్లు మూసేస్తామని పేర్లు చెప్పి మరీ అడిగారు. జనం మొత్తుకున్నారు. అయినా 2014 జనవరిలో 10 మూసేశారు. అక్కడి పెద్దలు విన్నదీ అంతంత మాత్రమే, ఒప్పుకుంటాను. కానీ పేర్లు కాగితం మీద ఉన్నాయి కాబట్టి కనీసం రెండు బతికి బయటపడ్డాయి. కాగితం మీద లేని మా బండి కోసం నేను ఎవరితో పోట్లాడాలి?

ఫైర్ వాళ్ల మీద నాకు కోపం లేదండీ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచేసి పోయాక సింగ్‌నగర్ ఇళ్లల్లో బురద కడిగింది ఆ ఫైరింజన్లే. మంట లేకపోయినా వచ్చారు. వాళ్లకి ఇవ్వాల్సింది జీతాలు, బళ్లు, కొత్త స్టేషన్లు. కొత్త కాలనీకి కొత్త బండి కొనిపెట్టండి, ఎవరు కాదన్నారు? మాది ఊడబీకి వాళ్లకివ్వడం విస్తరణ ఎలా అవుతుంది?

అసలు నీకు గారు ఏంటి! అడగాల్సిన ప్రశ్న దాచేసి, పనికిరానివి ఐదు అడిగి, కింద మా సంతకం తీసుకుంటావా? సిగ్గు లేదూ? మార్జిన్లో రాస్తే, "కంప్యూటర్ తీసుకోదు సార్" అన్నాడు నీ కుర్రాడు.

కాబట్టి ఆరో ప్రశ్న నేనే కలిపాను: 'మా పేట ఫైరింజన్ తీసేయవచ్చా?' కింద అవును, కాదు గళ్లు కూడా గీశాను. జిరాక్స్ షాపువాడు సొంత డబ్బుతో వీధికంతా సరిపడా తీసిస్తానన్నాడు. అతని కొట్టూ ఆ సందులోనే ఉంది మరి. సోమవారం అందరం కలిసి తెచ్చిస్తాం. కంప్యూటర్ తీసుకోకపోతే చేత్తో తీసుకో.

ఇట్లు,
ఐదో ప్రశ్నకి 'కాదు' అని టిక్కు పెట్టినవాడు