ప్రభుత్వానికి విద్యార్థుల ఆర్థిక సాయం

ప్రభుత్వం విద్యార్థులకు ఆర్థిక సాయం చేస్తోందని అందరూ అంటారు. పేపర్లలో ఫుల్‌పేజీ ప్రకటనలదీ అదే మాట. శ్రీకాకుళం జిల్లాలో ఉంటూ ఈ లెక్కలు కాస్త దగ్గర నుంచి చూస్తున్నవాడిగా నేను వినయంగా మనవి చేసేది ఒక్కటే. సాయం జరుగుతున్న మాట నిజమే. ఎవరు ఎవరికి చేస్తున్నారన్న చోటే చిన్న అచ్చుతప్పు పడింది.

ముందు ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకపోతే పిల్లవాడి ఫీజు ప్రభుత్వానిదే. ఈ డబ్బు ఎవరి చేతిలో పెట్టాలన్న విషయం మీద మన ప్రభుత్వాలు ఎంత మథనపడ్డాయో చరిత్రకారులు ఎప్పటికైనా రాయాలి. మొదట కాలేజీకి ఇచ్చారు. కాలేజీకిస్తే తల్లికి నిలదీసే హక్కు ఎక్కడిదని ఈ పథకం విద్యాదీవెన పేరుతో నడిచిన కాలంలో తల్లి ఖాతాలో వేశారు. కొన్నాళ్లకు తల్లీబిడ్డల జాయింట్ ఖాతా కావాలన్నారు. అమ్మలు ఒకపూట కూలి మానుకుని పాస్‌బుక్కుల కోసం బ్యాంకు మెట్ల మీద కూర్చున్నారు. 2024లో ప్రభుత్వం మారింది, డబ్బు మళ్లీ కాలేజీకే అన్నారు. ఇన్ని ఇళ్లు మారిన సొమ్ము దారిలో కాస్త ఆలస్యం కావడంలో వింతేముంది? పాపం, దానికీ అడ్రసు దొరకాలి కదా.

సొమ్ము దారిలో ఉన్నన్నాళ్లూ కాలేజీ నడవాలి. అందుకని ఫీజు కౌంటర్లో ఒక మాట ఎంతో మర్యాదగా చెబుతారు: "ముందు మీరు కట్టేయండి. గవర్నమెంటు వేశాక మీకు తిరిగిచ్చేస్తాం." కట్టకపోతే ఏమవుతుందో చెప్పరు. హాల్‌టికెట్ల రోజున అదే తెలుస్తుంది.

మన తీరం మత్స్యకారులు చాలామంది గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. అలాంటి తండ్రి ఒకాయన కొడుకు ఫీజు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కాలేజీలో కట్టాడనుకోండి. లెక్క ప్రకారం అది ప్రభుత్వం కట్టాల్సిన డబ్బు. అంటే అరేబియా సముద్రంలో వల లాగుతున్న మనిషి అమరావతికి అప్పిచ్చాడు. అప్పు తీసుకున్నవాడు వడ్డీ కట్టడం లోకరీతి. ఇక్కడ అప్పిచ్చినవాడే వడ్డీ కూడా కడుతున్నాడు. ఇంత మంచి షరతులతో ప్రపంచబ్యాంకు కూడా అప్పివ్వదు.

గ్రామ సచివాలయం దగ్గర ఇద్దరాడవాళ్లు ఎదురైతే ఇప్పుడు పలకరింపు కూడా మారిపోయింది.

"ఏటప్పా, పడ్డాయేటి?"

"ఎక్కడ పడతాయమ్మా! ఎన్‌పీసీఐ అవలేదంతన్నారు."

ఎన్‌పీసీఐ అవడమంటే సర్కారు సొమ్ము పడేందుకు ఆధార్‌ను బ్యాంకు ఖాతాకు ముడిపెట్టడమని ఆవిడకు తెలియదు. అది అవకపోతే ఏమవుతుందో మాత్రం మన ఆర్థిక శాఖ అధికారులకన్నా బాగా తెలుసు. అది అయ్యాక ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం ఉంటుంది. అదీ అయ్యాక కరెంటు మీటరు సంగతి. బడిపిల్లల తల్లులకు ఏటా డబ్బిచ్చే తల్లికి వందనం రావాలంటే నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. అద్దె ఇంట్లో ఉన్న పాపానికి ఇంటి ఓనరు పేరున్న మీటర్లన్నీ నీవి కావని నువ్వే నిరూపించుకోవాలి. ఓనరుగారికి ఏసీ ఉంటే మీ అమ్మాయికి చదువు కష్టం.

ప్రభుత్వాలు మారినా మారనివి కొన్నుంటాయని ఊరికే అనరు. తల్లికి వందనం కన్నా ముందు, పాత ప్రభుత్వంలో ఇలాంటిదే అమ్మఒడి ఉండేది. 15,000 రూపాయలన్నారు. మొదటి ఏడాది తర్వాత బడి మరుగుదొడ్ల నిర్వహణకని 1,000, ఆ తర్వాత 2,000 తగ్గించి 13,000 ఇచ్చారు. తల్లికి వందనం కూడా 15,000 అన్నారు. 2025 జూన్‌లో 13,000 పడ్డాయి. బడి నిర్వహణకని ఆగిన 2,000 రెండు ప్రభుత్వాలకూ ఉమ్మడి ఆస్తి. అసెంబ్లీలో ఒకరి ముఖం ఒకరు చూసుకోని పార్టీలను ఇంత గట్టిగా కలిపి ఉంచిన మరుగుదొడ్డికి నా నమస్కారం.

హాస్టల్ ఖర్చులకూ సాయం ఉండేది. వసతి దీవెన 2020 ఫిబ్రవరి 24న మన పక్కనే, విజయనగరంలో మొదలైంది. ఏడాదికి ఐటీఐ వాళ్లకు 10,000, పాలిటెక్నిక్ వాళ్లకు 15,000, డిగ్రీ ఆపైన 20,000. ఐటీఐ కుర్రాడికి రోజుకు 27 రూపాయలు పడ్డట్టు. డిగ్రీ కుర్రాడికి దానికి రెట్టింపు. ఎంత చదివితే అంత ఆకలి వేస్తుందన్న శాస్త్రీయ సత్యాన్ని కనిపెట్టినవాళ్ల పేరు బయటికి రాలేదు.

ఇక తేదీ గురించి. అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు తిన్నగా గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఏ రోజున తాకుతాయో జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక్కోసారి మబ్బు పట్టి కనపడవు, అది వేరే సంగతి. పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుడు చెప్పిన రోజుకు రాగలుగుతున్నాడు. అమరావతి నుంచి ఫీజు రాలేకపోతోంది. దీన్నిబట్టి సూర్యుడికి ఎన్‌పీసీఐ అయిపోయిందని మనం అర్థం చేసుకోవాలి.

చదువు అయ్యాక అప్రెంటిస్‌షిప్. పైడిభీమవరం ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఉదయం షిఫ్టుకు దిగే ఐటీఐ కుర్రాళ్లను చూడండి. బూట్లు వేసుకుంటారు, హెల్మెట్ పెట్టుకుంటారు, స్పానర్ పట్టుకుని సాయంత్రం దాకా బోల్టులు బిగిస్తారు. చూసినవాళ్లు వాళ్లను కార్మికులని పొరబడే ప్రమాదం ఉంది. కారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ తేల్చేసింది: అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే గానీ కార్మికుడు కాడు. శిక్షణ అయ్యాక ఉద్యోగమిచ్చే సంగతి కంపెనీ తన సొంత విధానం ప్రకారం చూసుకుంటుంది. ఆ విధానం ఏమిటో గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకు తెలుసు. "అయిపోయిందా తమ్ముడూ? కార్డు ఇచ్చేసి వెళ్లు."

స్టైపెండ్ మాటకొస్తే, 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ వాళ్లకు కనీసం నెలకు 7,000. కేంద్ర పథకం కింద అందులో పావు వంతు ప్రభుత్వం భరిస్తుంది, అయితే 1,500 దాటకుండా. 7,000లో పావంటే 1,750. ఆ 250 దగ్గర దేశ ఆర్థిక వ్యవస్థ పట్టు తప్పకుండా ఆగింది. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి స్టైపెండ్లు 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. సిఫారసు చాలా బాగుంది, గట్టిగా చప్పట్లు కొట్టాం. అద్దె కూడా సిఫారసుతో కట్టొచ్చేమో అడిగితే హాస్టల్ ఆంటీ ఒప్పుకోలేదు.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో మొదలైనప్పుడు నెలకు 5,000. 4,500 ప్రభుత్వానివి, 500 కంపెనీవి. ఆ కంపెనీలు దేశంలో సామాజిక బాధ్యత కింద ఎక్కువ ఖర్చుపెట్టే 500 కంపెనీల్లోవి. ఆ 500 రూపాయలు సామాజిక బాధ్యత పద్దులో రాసుకుంటాయి. బాధ్యత బరువెంతో చెప్పమంటే ఇంతకంటే కచ్చితంగా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు అసలు లెక్క. అలా అప్రెంటిస్‌గా ఉన్న ఒక ఐటీఐ కుర్రాడి ఫీజు బకాయి ఇంకా రాలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చదివిన చోటే ఉన్నాయి. ఇంకో ఉద్యోగానికి వెళ్లాలంటే అవి కావాలి, అవి కావాలంటే బకాయి కట్టాలి. వాడు నెలనెలా తన స్టైపెండ్‌లోంచి రెండు వేలు తీసి కడుతున్నాడు. కేంద్రం వాడికిచ్చిన 1,500 తిన్నగా వెళ్లి రాష్ట్రం కట్టాల్సిన ఫీజులో పడుతోంది. పై 500 వాడిది. కేంద్ర రాష్ట్ర సంబంధాలు ఇంత సజావుగా నడుస్తున్న చోటు దేశంలో ఇంకొకటి చూపించండి.

అందుకే జిల్లా కలెక్టరుగారికి ఒక విన్నపం. ఇలా ప్రభుత్వం తరఫున ఫీజులు కట్టిన పిల్లలందరికీ రుణదాత అని ఒక ధ్రువపత్రం ఇప్పించండి. ఆధార్, ఈకేవైసీ, రెండు ఫోటోలు, ఏదడిగితే అది తెస్తారు, అలవాటే. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆ వివరాలు ఆదాయ సర్టిఫికెట్ ఇచ్చే సెక్షన్‌కు తెలియనివ్వకండి. ప్రభుత్వానికే అప్పిచ్చే స్తోమతున్న కుటుంబం రెండున్నర లక్షల లోపు ఎలా ఉంటుందని, వచ్చే ఏడాది చెల్లెలి దరఖాస్తు కొట్టేస్తారు.