కేంబ్రిడ్జిలో మమ

పగలు చూడ్డానికి వెళ్తే మనిషికి ఇంతని టికెట్టు. సాయంత్రం ప్రార్థనకి వెళ్తే ఉచితం. కేంబ్రిడ్జిలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కింగ్స్ కాలేజీ చాపెల్ (ప్రార్థనామందిరం) గురించి ఈ రెండు ముక్కలే చెప్పాడు. పౌండ్లని రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక నాలో భక్తి ఒక్కసారిగా పొంగింది. మా ఆవిడకి ఇంకాస్త ఎక్కువే పొంగినట్టుంది, శాలువా కప్పుకుని నాకంటే ముందు గుమ్మంలో నిలబడింది.

అలా ఈవెన్‌సాంగ్ అనే సాయంకాలపు అర్చన చూశాను. మమ అనిపించడంలో మనల్ని మించినవాళ్ళు లేరని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఆ గర్వం ఆ సాయంత్రం అణిగిపోయింది.

మన పద్ధతి తెలిసిందే. పీటల మీద కూర్చుంటాం. మంత్రాలు పురోహితుడు చదువుతాడు. ఆయన చూసినప్పుడు 'మమ' అంటాం, చెయ్యి చూపించినప్పుడు నీళ్ళు వదులుతాం, మధ్యలో వాట్సాప్ చూసుకుంటాం. అయినా మనది ఇంకా చేతివృత్తి దశలోనే ఉంది. ఎంతైనా నోటితో ఒక మాట అనాలి, చేతులు తడుపుకోవాలి. కింగ్స్‌లో ఆ శ్రమ కూడా లేదు. ఎర్ర గౌన్ల మీద తెల్ల అంగీలు వేసుకున్న చిన్నపిల్లలు, వాళ్ళ వెనక యూనివర్సిటీలో చదువుకునే కుర్రాళ్ళు, రెండు జట్లుగా ఎదురెదురుగా నిలబడి మన తరఫున మొత్తం పాడేస్తారు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో చేతిలో పెట్టిన కాగితంలో అచ్చువేసి ఉంటుంది. భక్తుడి వంతు పని మోకాళ్ళకే. ఒక్క చోట మాత్రం అందరూ తూర్పుకి తిరిగి విశ్వాస ప్రమాణం చదివారు. మనకైతే సాయంసంధ్యకి పడమటికి తిరగాలి. చెప్పేవాళ్ళు లేరు పాపం.

అసలీ పూజే ఒక కుదింపు. పాతరోజుల్లో సాయంత్రానికొకటి, పడుకోబోయే ముందొకటి, రెండు ప్రార్థనలుండేవి. క్రాన్మర్ అనే ఆర్చిబిషప్పు 1549లో వాటిని కలిపి ఒకటి చేశాడు. అదే ఇది. ఆయన్ని 1556లో ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా తగలబెట్టారు. ఈ కుదింపు కోసమే కాదులెండి, కానీ పూజ తగ్గించేవాళ్ళు కాస్త జాగ్రత్తగా ఉండటం మంచిదే.

కీర్తనలు జరుగుతుండగా మా ఆవిడ నా చెవిలో, "ఎంత కడితే మన గోత్రనామాలు చదువుతారండీ?" అంది. నేను నవ్వాపుకోలేక దగ్గు నటించాను. తర్వాత ఆలోచిస్తే, ఆ చాపెల్ మూలం పట్టుకుంది ఆవిడే. ఇంగ్లండు రాజు ఆరో హెన్రీ 1441లో ఈ కాలేజీ పెట్టినప్పుడు, చదువుతో పాటు తన పేరా, తన తల్లిదండ్రుల పేరా నిత్యం ప్రార్థనలు జరగాలన్నాడు. పాడే పిల్లలు పదహారు మంది ఉండాలని కూడా శాసనంలో రాయించాడు. ఇప్పటికీ పదహారు మందే. ఆలయాల్లో శాశ్వత పూజ పథకం ఉంటుంది చూశారూ, ఇదీ అదే. రసీదు, అంటే ఈ చాపెల్, మాత్రం 88 మీటర్ల పొడవుంది.

తద్దినం సంగతీ మరిచిపోలేదు. హెన్రీ 1471లో లండన్ టవర్‌లో హత్యకు గురయ్యాడు. ఆయనే పెట్టిన ఈటన్ బడి నుంచి లిల్లీలు, కింగ్స్ నుంచి గులాబీలు ఏటా మే 21న ఆ చోట పెడతారు. అయిదు వందల యాభై ఏళ్ళు దాటినా తిథి గుర్తున్న పుత్రులు! ఇక్కడ మేం తాతగారి తిథి కోసం మూడు పంచాంగాలూ ఇద్దరు బాబాయిలనూ సంప్రదించాల్సి వస్తోంది.

1446లో శంకుస్థాపన చేసిన భవనం 1515కి గానీ పూర్తికాలేదు. మధ్యలో శంకుస్థాపన చేసినాయన గద్దె దిగాడు, తర్వాతవాళ్ళకి వేరే ఖర్చులున్నాయి, పనులు ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి. పోలవరం వాళ్ళు నిబ్బరంగా ఉండొచ్చు. పూర్తయ్యాక చూస్తే పైకప్పు రాతితో కట్టిన విసనకర్రల వరస, ఆ రకం కప్పుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. కింద చాపెల్‌ని రెండుగా విడదీస్తూ ఒక చెక్క తెర. ఎనిమిదో హెన్రీ దాని మీద తన పేరు మొదటి అక్షరాలు, భార్య ఆన్ బొలీన్ అక్షరాలు చెక్కించాడు. 1536లో ఆవిడ తల తీయించాడు, అక్షరాలు మాత్రం అలాగే వదిలేశారు. ప్రభుత్వం మారిన మర్నాడే గోడలకి రంగు మార్చే మనకిది బొత్తిగా మింగుడుపడదు.

ఆ తెర నెత్తిన కూర్చుంది ఆర్గాన్. వాయించేవాడు కింద ఉన్నవాళ్ళకి కనబడడు. చేతులకి నాలుగు వరసల మెట్లు, కాళ్ళకి ఇంకో వరస. మన హార్మోనియానికి ఇది దూరపు చుట్టమే. అక్కడా గాలి, తిత్తి, మెట్లే. రీడ్లకి బదులు ఎక్కువగా గొట్టాలు. చుట్టరికం ఉన్నా హోదాలో తేడా చూడండి. ఆర్గాన్‌కి రాజుగారి భార్య అక్షరాల మీద సింహాసనం వేశారు. హార్మోనియాన్ని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు, గమకం పలకదని. గమకం ఆర్గాన్‌కీ పలకదు. దాన్ని అడిగే ధైర్యం ఎవరికుంది? దాని పెద్ద గొట్టం పొడవు 32 అడుగులు, స్వరం సెకనుకి పదహారు కంపనాలు. అది చెవికి వినపడేది కాదు. బల్లకి వినపడుతుంది, బల్ల మనకి చెబుతుంది.

ఆ బల్ల మీద కూర్చునే 'మాగ్నిఫికాట్' విన్నాను. మేరీ మాత పాట. దేవుడు బలవంతుల్ని సింహాసనాల మీంచి పడదోశాడు, ధనవంతుల్ని వట్టి చేతులతో పంపేశాడు అని దాని భావం. రాజుల సొమ్ముతో కట్టిన చాపెల్‌లో, కొవ్వొత్తి వెలుగులో, గొంతు ఇంకా మారని పిల్లలు ఈ విప్లవ గీతాన్ని ఎంత మెత్తగా పాడారంటే, ధనవంతులెవరైనా ఉంటే చక్కగా కునుకు తీసుంటారు. కట్టించినాయన్నే సింహాసనం మీంచి పడదోశారన్న సంగతి ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు. మీరు ఏమైనా అనండి, వాళ్ళ పైస్థాయి గొంతు ఆ కప్పుని తాకి నెమ్మదిగా దిగొస్తుంటే వ్యంగ్యం రాసేవాడికి కలం సాగదు. ఒక అర నిమిషం నేను ఉద్యోగం మానేశాను.

ఇంత పాత చోట కూడా 'అనాదిగా వస్తున్న ఆచారం' ఒకటి కొత్తదే ఉంది. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం తొమ్మిది బైబిలు పాఠాలు, వాటి మధ్య పాటలు. ఇక్కడ మొదలైంది 1918లో, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన నెలన్నరకి. 1928 నుంచి బీబీసీ రేడియోలో వేస్తోంది. మొదటి పాట మొదటి చరణం ఒక్క పిల్లాడే పాడాలి, తోడుగా ఆర్గాన్ కూడా ఉండదు. ఎవరు పాడాలో ప్రసారం మొదలయ్యే క్షణంలో వేలుపెట్టి చూపిస్తారు. ముందే చెబితే పిల్లాడికి టెన్షనట! మరి తల్లిదండ్రుల సంగతేమిటి? మన దగ్గరైతే నెల ముందే ఫ్లెక్సీ లేచేది, పక్కన మేనమామల ఫొటోలతో.

ప్రార్థన ముగిసి పిల్లలు వరసగా వెళ్ళిపోయాక, పైనున్న మనిషి అసలు పని మొదలెట్టాడు. బాహ్ అనే జర్మన్ స్వరకర్త రాసిన ఫ్యూగ్. రెండు చేతులూ రెండు కాళ్ళూ నాలుగు తగవులు పెట్టుకుని చివర్న రాజీకొచ్చే రకం. అప్పుడే జనం కోట్లు తొడుక్కుని, భోజనం ఎక్కడో మాట్లాడుకుంటూ లేచారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కచేరీలో మృదంగం వంతు, తని ఆవర్తనం, మొదలవగానే క్యాంటీన్ వైపు కదిలే మన రసికులు గుర్తొచ్చారు. ఎక్కడైనా మంచి విద్వాంసుడి వంతు వచ్చేసరికి కాఫీ వేళవుతుంది.

నేనూ లేచాను. మా ఆవిడ కొంగు సర్దుకుంటూ కూర్చునే ఉంది.

"అయిపోయింది, పద. ఇది మంగళం."

"వణుకుతోందండీ బల్ల. ఉండండి."

ఉన్నాం. ఆఖరి స్వరం ఆగాక కూడా అది కప్పులో కాసేపు తిరిగింది. గుమ్మం దగ్గర చందాల పళ్ళెం ఉంది. నేను చిల్లర వెతుక్కునేలోపు ఆవిడ బ్యాగులోంచి నోటు తీసి మడతపెట్టి వేసేసింది. ఎంతదో చూడనివ్వలేదు. బయట చలిలో ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ మా అబ్బాయి తలెత్తి, "చెప్పానుగా నాన్నా, ఫ్రీ అని" అన్నాడు.