కనెక్టర్ కొనొద్దు, కుర్రాణ్ని పెట్టండి

విశాఖ యువతకు ఉద్యోగాలు ఎప్పుడొస్తాయా అని ఐటీ కంపెనీలుండే మధురవాడ కొండల వైపు చూస్తున్నవారికి శుభవార్త. అవి ఎప్పుడో వచ్చేశాయి. తెచ్చింది ఏ ప్రభుత్వమూ కాదు, ఒక సాఫ్ట్‌వేర్ ధరల పట్టిక.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. అమెరికాలో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో పంటల లెక్కల కోసం పుట్టి, 1976లో కంపెనీగా మారిన సాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఉంది. ఎంతటి లెక్కయినా తేలుస్తుంది. కాకపోతే లెక్కకు డేటా కావాలి. ఆ డేటా ఒరాకిల్ అనే డేటాబేస్‌లో ఉంటే దానికి కలిపే ఒక అనుబంధం, అంటే కనెక్టర్, కొనాలి, టెరాడేటాలో ఉంటే ఇంకోటి, డీబీ2లో ఉంటే మరోటి. ఎక్సెల్ ఫైళ్లకు 'పీసీ ఫైల్స్' అని వేరే. దేని లైసెన్సు దానిదే. 'ప్రాక్ ప్రొడక్ట్ స్టేటస్' అనే సాస్ ఆదేశం నడిపితే కంప్యూటర్లో ఏవేవి ఇన్‌స్టాల్ అయ్యాయో చెబుతుంది. 'ప్రాక్ సెటినిట్' నడిపితే వాటిలో వేటికి లైసెన్సు ఉందో, ఏ తేదీ దాకా ఉందో చెబుతుంది. రెండు జాబితాలూ కలవాలని రూలేం లేదు.

గిట్టనివాళ్లు దీన్ని దోపిడీ అంటారు. పర్చేజ్ సెక్షన్ మనసు ఎరగని మాట అది.

"సాఫ్ట్‌వేర్ కొన్నాం కదా నాయనా, మళ్లీ ఏటి కొనడం?"

"డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వాలి సార్."

"అంటే ఇన్నాళ్లూ దేనికి కనెక్ట్ అయింది?"

ఈ ప్రశ్నకు జవాబు లేదు కాబట్టి ఫైలు వెనక్కి వస్తుంది. ఉద్యోగం పుట్టేది సరిగ్గా ఇక్కడే. సీఎస్వీ ఫైలు, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు, చదవడానికి సాస్‌లో ఏ అనుబంధమూ అక్కర్లేదు. అందుకని ఒక కుర్రాణ్ని పెడతారు. పొద్దున్నే వచ్చి ఒరాకిల్‌లో క్వెరీ నడిపి, సీఎస్వీగా దించి, "ఓసారి చూసుకుందాం" అని ఎక్సెల్‌లో తెరిచి, సేవ్ కొట్టి, షేర్డ్ ఫోల్డర్లో పడేస్తాడు. బీటెక్ చదివిన కనెక్టర్. వాళ్ల చెల్లి పెళ్లికి నర్సీపట్నం వెళితే ఆ వారం గణాంకాలు ఉండవు.

అయితే ఆ "ఓసారి చూసుకుందాం" దగ్గర కాస్త ఆగాలి. మన ఊళ్లో డోర్ నంబర్లు అంకె, గీత, అంకె, గీత, అంకె. 10-12-5 అనుకోండి. ఎక్సెల్ దృష్టిలో అది ఇల్లు కాదు, 2005 డిసెంబరు 10. సేవ్ కొట్టాక ఇక మనిషన్న ప్రతివాడి దృష్టిలోనూ అంతే. సాస్‌కు తేదీ అంటే 1960 జనవరి 1 నుంచి గడిచిన రోజులు. కాబట్టి డాబాగార్డెన్స్‌లో తాతల నాడు కట్టిన డాబా లోపలికి వెళ్లేసరికి 16780 అవుతుంది. ఆ నంబరు పట్టుకుని పోస్ట్‌మ్యాన్ ఏ సందులో తిరగాలో ఏ మాన్యువల్‌లోనూ లేదు. పదహారంకెల ఖాతా నంబరుకు ఎక్సెల్ పదిహేను అంకెలు ఉంచి చివరిదాన్ని సున్నా చేస్తుంది. ఖాతాదారు బాధ ఖాతాదారుది. తర్వాత ఆ ఫైలును సాస్‌లోకి తెచ్చే ప్రాక్ ఇంపోర్ట్ వస్తుంది. మామూలుగా మొదటి 20 వరసలు చూసి ఏ కాలమ్ ఏమిటో ఊహిస్తుంది. ఇరవై వరసల పరిచయంతో లక్ష వరసల జాతకం చెప్పడం మన దగ్గర కొత్తేమీ కాదు గనుక దీన్ని నేను తప్పు పట్టను.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఈ ఊరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే లెక్కలు చదివారు. నిష్పాక్షికమైన అంచనాలో వేరియన్స్ (అంచనా అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పే కొలత) ఇంతకన్నా తగ్గదని 1945లో ప్రపంచానికి కింది హద్దు చూపించారు. పై హద్దు సంగతి చెప్పలేదు. ఆ పరిశోధనను మన షేర్డ్ ఫోల్డర్లు ముందుకు తీసుకెళ్తున్నాయి.

ఓడీబీసీ అని, రకరకాల డేటాబేస్‌లకు పనికొచ్చే ఉమ్మడి అనుబంధం ఒక్కటి కొని, సరైన డ్రైవర్ పెట్టుకుంటే దాని గుండానే చాలా డేటాబేస్‌లకు వెళ్లొచ్చని ఒకరు రహస్యంగా చెప్పారు. దొడ్డిదారి సలహాలు ఈ వ్యాసంలో చోటు చేసుకోవు. ఇంకొకాయన 'ఆర్' అనే మరో గణాంక సాఫ్ట్‌వేర్ వాడమంటారు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, ఒరాకిల్‌తో మాట్లాడే ప్యాకేజీలతో సహా ఉచితం. ఉచితమే, కాదనను. సున్నా రూపాయలకు మూడు కొటేషన్లు ఎవరు తెస్తారు? తెచ్చినా, మూడూ సున్నాలే అయినప్పుడు ఎల్-వన్, అంటే అతి తక్కువ ధర కోట్ చేసినవాడు, ఎవరని ఆడిట్ వాళ్లు అడగరా?

కాబట్టి ఉన్న వ్యవస్థే మేలు. నేను కోరే సవరణ చిన్నది. గడువు దగ్గర పడుతుంటే సాస్ తన లాగ్‌లో, అంటే నడిచిన పనుల చిట్టాలో, హెచ్చరిక చూపిస్తుంది, గడువు దాటాక కూడా కొన్నాళ్లు పని చేయనిస్తుంది. కుర్రాడి ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టూ ఏడాదికోసారి రెన్యువల్ చేసేదే, కానీ దానికి హెచ్చరిక ఏ లాగ్‌లోనూ రాదు. గ్రేస్ పీరియడ్ మాత్రం ఇస్తున్నారు: రెన్యువల్ ఆర్డరు వచ్చేదాకా పనికి రావచ్చు, జీతం అడక్కూడదు.