పురుగు పేగును నడిపించేదేమిటి?

కందికాయ తింటున్న శనగపచ్చ పురుగును ఒకసారి దగ్గరగా చూడండి. తల కాయ లోపల, ఒళ్లు బయట. ముందు దవడలు ఆడుతూనే ఉంటాయి, వెనక పెంటికలు రాలుతూనే ఉంటాయి. మింగింది ముందుకు జరగాలంటే పేగు వరసగా ముడుచుకుంటూ పోవాలి. గొంతు గొట్టం మీద, మెదడుకు కాస్త ముందు, చిన్న నరాల ముడి ఒకటి ఉంటుంది. పేగు ముందు భాగం కదలికలు దాని చేతిలోనే ఉంటాయి. అలాటోట్రోపిన్ ఆ కదలికల్ని పెంచుతుంది, అలాటోస్టాటిన్ తగ్గిస్తుంది. ఇవి న్యూరోపెప్టైడ్లు, అంటే నరాలు వదిలే చిన్న ప్రొటీన్ ముక్కలు. పురుగు మందుల గురించి ఇంత మాట్లాడుకునే మనం వీటి ఊసే ఎత్తం. ఎత్తాలని నా గట్టి అభిప్రాయం.

కీటకాల్లో నిర్మాణం పూర్తిగా తెలిసిన తొలి న్యూరోపెప్టైడ్ దొరికింది బొద్దింకలో. కెనడాలోని లండన్ నగరంలో బ్రౌన్, స్టారట్ అనే శాస్త్రవేత్తలు 1,25,000 బొద్దింకల నుంచి 180 మైక్రోగ్రాములు తీశారు. గ్రాములో అయిదు వేలో వంతు కూడా కాదు! 1975లో దాని అమరిక తేల్చారు: అయిదే అమైనో ఆమ్లాలు. పేరు ప్రొక్టొలిన్. ద్రావణంలో ఉంచిన బొద్దింక వెనక పేగుకు ఇది లేశమంత తగిలినా చాలు, ముడుచుకుంటుంది. పేగును కదిలించే ఈ పదార్థం గురించి బ్రౌన్ 1967లోనే రాశారు. అది ఫలానా అని తేలడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

మనకెందుకిదంతా? ఆర్గానోఫాస్ఫేట్ మందులు దెబ్బతీసే ఎంజైమ్, మందు కొట్టే రైతు ఒంట్లోనూ ఉంది. పైరెత్రాయిడ్లు అనే ఇంకో రకం పురుగు మందులు 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తిచేలలో ఇదే శనగపచ్చ పురుగు మీద పనిచేయకుండా పోయాయి. ఆ కుటుంబాలు ఎంత నష్టపోయాయో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. పేగు పెప్టైడ్లు అన్ని కీటకాల్లో ఒకేలా ఉండవు. తేనెటీగ జన్యువుల్లో ప్రొక్టొలిన్ జాడే లేదు. పంటను తినే పురుగును ఆపి, పూతకు పనికొచ్చే ఈగను వదిలేసే మందు గురించి ఆలోచించడానికి ఇంతకంటే మంచి ఆధారం ఏముంటుంది?

అయితే రేపే సీసాలో వస్తుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. పెప్టైడ్ పురుగు చర్మంలోంచి సులువుగా దూరదు. తినిపిస్తే పేగులోని ఎంజైమ్‌లే ముక్కలు చేసేస్తాయి. పైగా ఒకే పెప్టైడ్ పేగులో ఒక పని, కాలి కండరంలో ఇంకో పని చేస్తుంది. అందుకే తొందరపడి కుదరదు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో మందుల ట్రయల్స్‌తో పాటు, గులాబీ రంగు పురుగు పేగును కోసి, ఏ నరం ఏం వదులుతోందో ఏళ్ల తరబడి చూసే కుర్రాళ్లకూ జీతం, మైక్రోస్కోపు, తగినంత సమయం ఇవ్వాలి.