ఫాంసీ పడ్డాక అప్పీలెందుకట!

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా, రాజురా తెలుగు గ్రూపులన్నిట్లో వారం నుంచి ఒకటే మెసేజ్. మరాఠీది ఎవరో తెలుగు చేసినట్టున్నారు. అందులో చెప్పేదిది: సెషన్స్ జడ్జి ఫాంసీ (ఉరి) వేశాక హైకోర్టుకు పోవడం లాయర్ల ఎత్తు, కళ్లతో చూసినోడు లేని కేసు పై కోర్టుల్లో నిలవదు, మూడు కోర్టులూ ఒకే మాటంటే తప్పు జరగదు, వెంటనే ఉరి తీయాలి, ఆలస్యమయ్యేకొద్దీ బాధితులకు నరకం, నిందితుడికి జైల్లో బిర్యానీ.

బిర్యానీ సంగతి వదిలేద్దాం.

లాయరు ఎత్తా? నిందితుడు నోరు తెరవకపోయినా చంద్రపూర్‌లో పడ్డ ఉరిశిక్ష బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచికి వెళ్లి తీరాలి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టాల్లోనే ఉందది: పాత సీఆర్‌పీసీలో 366వ సెక్షన్, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 407. హైకోర్టు ధ్రువీకరిస్తేనే అమలు. సాక్ష్యమంతా మళ్లీ మొదటి నుంచి తూచి, విడుదల కూడా చేయొచ్చు.

ఇక కళ్లతో చూసిన సాక్షి. 2004లో కోల్‌కతాలో అమలైన ఉరి సాందర్భిక సాక్ష్యం (చూసినోడు లేకున్నా పరిస్థితులు చెప్పే సాక్ష్యం) మీదే పడింది. కాకపోతే ఆ సాక్ష్యాల గొలుసులో ఒక్క లంకె కూడా ఊడిపోకూడదు. పుణెలో సైనైడ్‌తో భార్య చనిపోయిన కేసులో భర్తకు కింది కోర్టు ఉరి వేసింది, బాంబే హైకోర్టు సరేనంది. ఆత్మహత్య కాదని తేలలేదంటూ 1984లో సుప్రీంకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలేసింది. ఇవాళ్టికీ కోర్టులు పట్టుకునే 5 సూత్రాలు ఆ తీర్పువే. లంకెలు ఎలా ఊడతాయంటారా? కత్తి దొరికిన పంచనామా మీద సంతకం చేసిన పంచ్ (పోలీసులు పిలిచిన సాక్షి) ఒకాయన బోనులో నిలబడి "దస్కత్ నాదే సాబ్, ఏడ పెట్టిన్నో యాది లేదు" అనడం నా చెవులారా విన్నాను.

అసలు విషం మూడో మాటలో, మూడు కోర్టులూ ఒకటే అంటే తప్పు జరగదన్న దాంట్లో, ఉంది. జాల్నా జిల్లాలో 2003లో ఒకే కుటుంబంలో ఐదుగురి హత్య. కళ్లతో చూసిన సాక్షి ఉన్న కేసే! సంచార తెగకు చెందిన ఆరుగురికి కింది కోర్టు ఉరి వేసింది. హైకోర్టు ముగ్గురికి యావజ్జీవంగా తగ్గిస్తే, 2009లో సుప్రీంకోర్టు వాళ్లకూ ఉరే అంది. ఆరుగురిలో ఒకడు నేరం నాటికి మైనరని తరువాత తేలింది. ఆ సాక్షి మొదట పోలీసుల ఫొటోల్లో వేరే నలుగురిని చూపించిన సంగతీ బయటపడింది. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులంది, తలా 5 లక్షలు ఇమ్మంది. మెసేజ్ రాసిన మహానుభావుడి చేతిలో అధికారముంటే 2009లోనే పని ముగించి, ఆ చెక్కులు సమాధులకు దండలేసి ఇచ్చేవాడు. ఎంత చురుకైన న్యాయం!

ఆలస్యం గురించి అన్నది మాత్రం ఒప్పుకుంటాను. జాల్నాలో 16 ఏళ్లు గడిచాక కూడా చచ్చినవాళ్ల తరఫువాళ్లకు చంపిందెవరో తెలియలేదు. ఆ ఒక్క వాక్యం కత్తిరించి పంపండి, నేనూ పది గ్రూపుల్లో వేస్తా.